పడవ పాటకు పట్టే దమ్ము

కచేరీలో పడవ పాట మా తమ్ముడే వాయిస్తాడా, వేరేవాళ్ళకు ఇవ్వాలా అన్నది నన్నే తేల్చమన్నారు. అడిగింది ఆర్కెస్ట్రా కండక్టరమ్మ. రిహార్సల్ అయిపోయి అందరూ వాయిద్యాలు పెట్టెల్లో సర్దుకుంటున్నారు. ఆవిడ నా పక్కకు కుర్చీ లాక్కుని కూర్చుంది. అంతమందిని ఒక్క పుల్లతో ఆడించే మనిషి, నా దగ్గర గొంతు తగ్గించి మాట్లాడింది.

"మీరు చెబితేనే బాగుంటుందండీ. నేను చెబితే ఆయన మనసు కష్టపెట్టుకుంటారు."

"ఊ" అన్నాను.

"ఊ అంటే చెబుతారనా, చెప్పరనా?"

"చూద్దాం."

హాలుకు ఆ చివర మా తమ్ముడు క్లారినెట్ లోపలికి గుడ్డ దూర్చి తుడుచుకుంటున్నాడు. మా వైపు చూడటం లేదు. చూడకుండా ఉండటానికి వాడు పడుతున్న అవస్థ ఇక్కడికి తెలుస్తూనే ఉంది.

నా పని ట్యూన్లు కట్టడం. సినిమాకు కడతాను, స్టేజీకి కడతాను, ఈమధ్య కంప్యూటర్లో ఆడుకునే వీడియో గేములకు కూడా కడుతున్నాను. దేనికి కట్టినా నాకు ముందు కథ కావాలి. కథ చెప్పమంటాను, వింటాను, అందులో ఒక మనిషిని పట్టుకుంటాను. ఆ మనిషి ఎలా నడుస్తుంది, ఎక్కడ ఆగుతుంది, ఎవరిని చూస్తే మొహం తిప్పుకుంటుంది, అదే ట్యూను. దానికి ఏది అవసరమైతే అది వాడతాం. వయొలిన్లు వాడాం, రేకు డబ్బాలు వాడాం, కుట్టుమిషను చప్పుడు వాడాం, ఎలక్ట్రిక్ గిటారు పక్కన ముసలమ్మల గుంపును నిలబెట్టి పాడించాం. ఇది ఏ రకం సంగీతమని ఒక పత్రికాయన అడిగితే నేను నీళ్ళు నమిలాను. "కలగూరగంప రకం, రాసుకోండి" అన్నాడు మా తమ్ముడు.

నాకు నొటేషను రాదు. చదువు మూడో తరగతితో సరి. నేను కూనిరాగం తీస్తాను, తమ్ముడు క్లారినెట్ మీద పలికిస్తాడు. బాగుంటే "ఊ" అంటాను. బాగాలేకపోతే ఏమీ అనను, వాడే మార్చి వాయిస్తాడు. మా ఆవిడ బతికున్న రోజుల్లో, "అన్నదమ్ములిద్దరూ గదిలో పోట్లాడుకుంటున్నారో, నిద్రపోయారో తెలిసి చావదు" అనేది. కుదిరినదాన్ని మా కోడలు కంప్యూటర్లోకి ఎక్కించి ఏ వాయిద్యానికి ఆ కాగితం విడదీస్తుంది. సంగీతం మా అబ్బాయికి అంటలేదు. పళ్ళ డాక్టరయ్యాడు. వాడి గదిలోంచి వినపడే రాగాలు వేరు.

మేము ట్యూనును దమ్ముల్లో కొలుస్తాం. ఒక్క ఊపిరిలో క్లారినెట్ మీద ఎంత పలుకుతుందో అది ఒక దమ్ము. మూడు దమ్ముల ట్యూను, ఆరు దమ్ముల ట్యూను, అలా చెప్పుకుంటాం. ఎవరూ నేర్పింది కాదు. మొదటినుంచీ నోటికి అలా అలవాటైంది.

పడవ పాట మూడు దమ్ములు. మా మొదటి సినిమాలోది. సరుకు పడవ నడిపేవాడు తుఫానులో వెళ్ళి తిరిగి రాడు. పెళ్ళాం రేవులో నిలబడి పిలుస్తుంది. తెర మీద ఆమె నోరు తెరుస్తుంది, గొంతు వినపడదు, క్లారినెట్ వినపడుతుంది. ఒక్కో పిలుపు ఒక్కో దమ్ము. మధ్యలో ఆగదు. చివరికి వచ్చేసరికి సన్నబడి, దారమంత అయి, తెగుతుంది. మళ్ళీ పిలుస్తుంది. ఆ సినిమా వచ్చిన దారినే పోయింది. పాట మాత్రం నిలబడింది.

ఆ రోజు రిహార్సల్లో మా తమ్ముడు మొదటి పిలుపు ఎలాగో లాగాడు. రెండోది సగంలో తెగింది. కండక్టరమ్మ పుల్ల దించింది. "ఇంకోసారి" అన్నాడు తమ్ముడు. ఇంకోసారీ అక్కడే తెగింది. వాడు క్లారినెట్‌ను ఎగాదిగా చూసి, "దీనికి ఆయాసం వచ్చిందండీ, పెద్దదైపోయింది" అన్నాడు. వయొలిన్లవాళ్ళు నవ్వారు. ఆ తర్వాతి సారి ఎవరూ నవ్వలేదు.

ఈ కచేరీ పెట్టించింది ఒక గేము కంపెనీ. ఉప్పెనలో మునిగిపోయిన పట్నంలో ఒకామె తన ఇల్లు వెతుక్కుంటూ తిరిగే గేము ఒకటి వాళ్ళు చేశారు. ఆడేవాళ్ళు ఎంతసేపు తిరిగితే ట్యూను కూడా అంతసేపు తిరగాలి. అందుకని దానికి ముగింపు ఉండకూడదు, తోక వెళ్ళి తలకు అతుక్కోవాలి. కంపెనీ తరఫున మాతో పనిచేసే మేనేజరు, "ఇది మళ్ళీ మళ్ళీ వినాలనిపించాలి సార్" అని పూటకోసారి అని, మా ఇంట్లో మళ్ళీమళ్ళీ అనే పేరు సంపాదించుకున్నాడు. గేము ఆడినవాళ్ళు ఆ ట్యూనుకు పడిపోయారు. ముఖ్యంగా అందులోని ఖాళీలకు. క్లారినెట్ కాస్త పలుకుతుంది, ఆగుతుంది, మళ్ళీ కాస్త పలుకుతుంది. ఆమె నిలబడి నీళ్ళ చప్పుడు వింటోందని వాళ్ళు అనుకున్నారు. పెద్దాయనకు మౌనం విలువ తెలుసునని నా గురించి రాశారట. కోడలు చదివి వినిపించింది. నేను కాదనలేదు, ఔననలేదు.

కచేరీ మొదటి సగం పాత సినిమాలవి, రెండో సగం గేముది. మొదటి సగంలో జనం ఎదురుచూసేది పడవ పాట.

ఇంటికి వెళ్ళే బస్సులో తమ్ముడు కిటికీ పక్కన కూర్చున్నాడు. పెట్టె ఒళ్ళో ఉంది.

"డాక్టరేమన్నాడు?" అన్నాను.

"దమ్ము కొడతారా అనడిగాడు. ఊహ తెలిసినప్పటినుంచీ అదే పనండీ అన్నాను."

"సరిగ్గా చెప్పు."

"ఊపిరితిత్తులు పాతబడ్డాయట అన్నయ్యా. స్పేర్ పార్టులు దొరకవట." కాసేపు బయటికి చూశాడు. "ఆవిడ నీతో ఏం గుసగుసలాడింది?"

"ఏం లేదు."

"నీ మొహం చూస్తేనే తెలుస్తోంది ఏం లేదని. చూడు, మిగతావి ఎవరికిచ్చుకుంటావో నీ ఇష్టం. పడవ పాట నాది. ఒక్కసారి జనం ముందు వాయించి కూర్చుంటాను."

నేను "ఊ" అన్నాను. ఆ రోజు నేనన్న ఊలకు లెక్క లేదు, వాటిలో ఒక్కదానికీ అర్థం లేదు. దిగాల్సిన చోట మోకాళ్ళు పట్టేసి నేను లేవలేకపోతే, ఆయాసపడుతూ వాడే నన్ను లేపాడు.

మర్నాడు పొద్దున కోడలు పిలిచింది. ఆ పిల్ల పనిచేసే గది ఒకప్పుడు సామాన్ల గది. కిటికీకి పాత దుప్పటి కట్టి ఉంటుంది, వీధి చప్పుడు రాకుండా. కచేరీ కోసం మా పాత రికార్డులన్నీ కంప్యూటర్లో వరుసగా పెట్టింది.

"మామయ్యా, ఒకటి చూస్తారా? కోప్పడకూడదు."

"చెప్పమ్మా."

తెర మీద పచ్చగీతలున్నాయి. ఒక్కో గీత ఒక్కో దమ్ము అంది. పైన పడవ పాట. గీత తెర ఈ కొసనుంచి ఆ కొస దాకా ఉంది. దాని కింద తర్వాతి సినిమాలవి. కిందికి వచ్చేకొద్దీ గీతలు కురచబడుతూ వచ్చాయి. అన్నిటికంటే కింద గేముది. నా చూపుడు వేలంత ఉంది. గీతకూ గీతకూ నడుమ ఖాళీ.

"అన్నిటినీ మీరు దమ్ముల్లోనే చెప్పారు కదా. మూడు దమ్ములు, నాలుగు దమ్ములు. నేనూ అలాగే రాసుకుంటూ పోయాను. ఇవాళ పక్కపక్కన పెడితే తెలిసింది." అన్నిటికంటే కింది గీత మీద వేలు పెట్టింది. "మీరు నిదానించారనుకున్నాం. మీ పద్ధతి మారిందనుకున్నాం. ఇది చిన్నమామయ్య ఊపిరి మామయ్యా."

నేను అక్కడున్న స్టూలు మీద కూర్చున్నాను. చేత్తో మూరలేసి గుడ్డ కొలిచేవాడి చెయ్యి ఏటేటా కాస్త కురచబడుతూ పోతే ఎలా ఉంటుందో అలా ఉంది నా పని. నేను మూరలు లెక్కపెడుతూనే ఉన్నాను. అన్ని మూరలూ ఉన్నాయి. గుడ్డే తగ్గిపోయింది. వాడు ఎక్కడ ఊపిరి పీల్చుకుంటే నా కూనిరాగం అక్కడ ఆగింది. జనం మెచ్చుకున్న మౌనం మా తమ్ముడి ఆయాసం.

"వాడికి చెప్పకు" అన్నాను.

"చెప్పను. కానీ పడవ పాట సంగతి?"

చాలాసేపు ఆ గీతలు చూస్తూ కూర్చున్నాను. వాడు లేకపోతే నాకు ట్యూనెక్కడిది అన్న ఆలోచన వచ్చింది. అది వాడి మీద జాలి కంటే ముందు వచ్చింది.

"కత్తిరించు" అన్నాను. "ఒక్కో పిలుపును మూడు ముక్కలు చెయ్. ముక్కకూ ముక్కకూ నడుమ వయొలిన్లు పెట్టు. అతుకు తెలియకూడదు."

"చిన్నమామయ్యకు తెలుస్తుంది."

"తెలిస్తే అప్పుడు చూద్దాం."

కోడలు చక్కగా చేసింది. విన్నాను. వినడానికి బాగానే ఉంది. కానీ రేవులో ఆడమనిషి లేదు. ఎవరో దుకాణం ముందు నిలబడి సరుకులు అడుగుతున్నట్టుంది.

తర్వాతి రిహార్సల్లో కొత్త కాగితాలు పంచారు. తమ్ముడు కాగితం చూడడు, వాడికి పాట నోటికొచ్చు. కండక్టరమ్మే వెళ్ళి, ఇక్కడిక్కడ వయొలిన్లు అందుకుంటాయి, మీరు ఆగొచ్చు అని చెప్పింది. వాడు బుద్ధిగా తలూపాడు. మొదలుపెట్టారు. మొదటి ముక్క వాయించాడు, ఆగాడు. వయొలిన్లు అందుకున్నాయి. వాడు రెండో ముక్క ఎత్తుకోలేదు. క్లారినెట్ దించి, వయొలిన్లు చెయ్యాల్సింది చేసి ఊరుకునేదాకా విన్నాడు. తర్వాత నన్ను వెతికాడు. నేను వెనక వరుసలో ఉన్నాను.

"అన్నయ్యా, ఇటు రా."

వెళ్ళాను. అంత దూరం నడవడానికి అంతసేపు ఎప్పుడూ పట్టలేదు.

"ఇదెవరి పాట?"

"నీదే."

"నాది కాదు. నాకు కొలతలు తీసి కుట్టించింది. ఎప్పుడు తీశావు కొలతలు? నేను నిద్రపోతుంటేనా?"

పక్కవాళ్ళు కాగితాల్లోకి తలలు దించుకున్నారు.

"వాయించాలని నువ్వే అన్నావు" అన్నాను.

"అన్నాను. పడవ పాట వాయిస్తానన్నాను. మొగుడు మునిగిపోతుంటే ఆవిడ పిలుస్తోంది. మధ్యలో ఆగి, అమ్మా వయొలిన్లూ, కాసేపు మీరు పిలుస్తూ ఉండండి, నేను ఊపిరి పీల్చుకుని వస్తాను అంటుందా? ఈ కథ నాకు చెప్పింది నువ్వే. రోజంతా చెప్పావు. నీ జన్మలో నువ్వు అంత మాట్లాడింది ఆ ఒక్కరోజే."

వాడికి కోపం వస్తే తిట్టుకుందామనుకున్నాను. వాడికి కోపం రాలేదు. అలిసిపోయినట్టున్నాడు. నాకంటే ఎక్కువగా.

"నాకోసం పాటను చంపుతావా, పాటకోసం నన్ను పక్కన పెడతావా, అది తేల్చుకోలేక ఇలా చేశావు. నేను తేలుస్తున్నాను." పక్కకు తిరిగాడు. పక్క కుర్చీలో రెండో క్లారినెట్ ఆవిడ ఉంది. ముప్ఫై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తల్లి. రిహార్సల్‌కు ఎప్పుడూ పరుగెత్తుకుంటూ వచ్చేది, పరుగెత్తుకుంటూ వెళ్ళేది. "అమ్మాయ్, పాత కాగితం ఉందా నీ దగ్గర?"

"ఉంది సార్."

"వాయించు."

ఆవిడ నా వైపు చూసింది, కండక్టరమ్మ వైపు చూసింది. పాత కాగితం తీసి స్టాండు మీద పెట్టుకుంది. వాయించింది.

మూడు పిలుపులూ తెగకుండా వాయించింది. స్వరం గాజులా ఉంది. వయొలిన్లవాళ్ళు కమానులతో స్టాండ్లు తట్టి మెచ్చుకున్నారు. కండక్టరమ్మ హమ్మయ్య అన్నట్టు భుజాలు దించింది. నాకేమో ఎక్కడో లోపం కనిపించింది. ఏమిటో చెప్పలేక ఎప్పటిలాగే ఏమీ అనలేదు.

ఏమీ అనకపోతే దాని అర్థం తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు ఆ హాల్లో. తమ్ముడు నా వైపు చూసి తలాడించాడు.

"అమ్మాయ్, చివరికొచ్చేసరికి నీ దగ్గర ఎంత మిగిలింది?"

"ఊపిరా సార్? చాలానే మిగిలింది."

"అదీ సంగతి. రేవులో ఆవిడ దగ్గర ఏమీ మిగలకూడదు. మొత్తం పిలుపులోనే ఖర్చయిపోవాలి. నాకు అక్కడికే అయిపోయేది, అందుకే చివర దారంలా వచ్చేది. నా ఊపిరి చిన్న బిందె. నీది పెద్ద ట్యాంకు." తర్వాత నాతో, "అన్నయ్యా, దీన్ని సాగదియ్" అన్నాడు.

"ఎంత?"

"ఈ అమ్మాయి మొహం ఎర్రబడేదాకా."

ఆవిడ నవ్వింది. "పిల్లల్ని కసిరి కసిరి పెంచుకున్న ఊపిరి సార్ ఇది. అంత తేలిగ్గా అయిపోదు."

"చూద్దాం."

మిగతావాళ్ళను టీకి పంపి మేం ముగ్గురం అక్కడే కూర్చున్నాం. కోడలు కంప్యూటరు పట్టుకుని వచ్చి కూర్చుంది. నేను పిలుపు చివర ఇంకో మలుపు కూనిరాగం తీశాను. ఆవిడ వాయించింది. తమ్ముడు ఆవిడ మెడ వైపు, భుజాల వైపు చూస్తున్నాడు. "ఇంకా ఉంది" అన్నాడు. ఇంకో మలుపు. "ఇంకా ఉంది. దాచుకుంటోంది." ఎన్నో ఏళ్ళ తర్వాత నా కూనిరాగం వాడు ఆగేచోట ఆగకుండా ముందుకు వెళ్ళాల్సి వచ్చింది. అక్కడ నాకు దారి తెలియదు. తడుముకుంటూ వెళ్ళాను. మూడో మలుపు దాటాక ఆవిడ స్వరం వణికింది, సన్నబడింది, దారమైంది, తెగింది. క్లారినెట్ దించి ఒళ్ళో పెట్టుకుని గట్టిగా ఊపిరి తీసుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి బాధవి కావు, ఊపిరాడకపోవడం వల్లవి.

"వచ్చింది రేవులో ఆవిడ" అన్నాడు తమ్ముడు.

నేను "ఊ" అన్నాను.

కచేరీ రోజు హాలు నిండింది. చాలామంది గేము ఆడే వయసువాళ్ళు. పడవ పాటకు వాళ్ళు కదలకుండా కూర్చున్నారు. మా తమ్ముడు రెండో కుర్చీలో ఉన్నాడు, ఆవిడ మొదటి కుర్చీలో. ఆవిడ వాయిస్తున్నంతసేపూ వాడు క్లారినెట్ ముట్టుకోలేదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని, పరీక్ష రాస్తున్న పిల్లను కిటికీలోంచి చూసే తండ్రిలా ముందుకు వంగి కూర్చున్నాడు.

రెండో సగంలో గేము ట్యూను వాడిది. దానికి ముగింపు లేదు కదా, స్టేజీ మీద ఎలా ఆపాలని కండక్టరమ్మ అడిగితే, "నా వైపు చూడండి. నేను ఒళ్ళో పెట్టుకుంటే అయిపోయినట్టు" అన్నాడు. నాలుగుసార్లు తిప్పుతానన్నాడు. రెండుసార్లు తిప్పాడు. మూడోసారి తలకు వచ్చి, ఒక దమ్ము వాయించి, ఒళ్ళో పెట్టుకున్నాడు. కండక్టరమ్మ వెంటనే అందరినీ ఆపింది. జనానికి తెలియలేదు. వాళ్ళకు ఆ ఖాళీలు అలవాటే. మళ్ళీ అందుకుంటాడని ఎదురుచూశారు. ఎవరూ దగ్గలేదు. వాడు వాళ్ళ వైపు చూసి, ఇక లేదన్నట్టు అరచేతులు చూపించాడు. అప్పుడు అందరూ లేచి చప్పట్లు కొట్టారు.

వెనక గదిలో మళ్ళీమళ్ళీ మేనేజరు మా ఇద్దరి చేతులూ పట్టుకుని ఊపాడు. "చివర్లో ఆ మౌనం సార్, అదిరిపోయింది. ఇంకో గేము ఉంది. వచ్చే వారం కథ చెబుతాను."

"కథ మా అన్నయ్యకు చెప్పండి" అన్నాడు తమ్ముడు. అతను వెళ్ళాక నాతో, "నన్ను లెక్కలోంచి తీసెయ్ అన్నయ్యా" అన్నాడు.

"రెండు మూడు దమ్ములు వాయించలేవా, గదిలో కూర్చుని?"

"వాయించగలను. నువ్వు మళ్ళీ వాటికి సరిపోయేలా కడతావు. ఈసారి గోరంత కడతావు. అప్పుడు కూడా పత్రికలవాళ్ళు పొగుడుతారు." బూట్ల లేసులు ముడివేసుకోవడానికి వంగి, అక్కడే కాసేపు ఆగి ఊపిరి తీసుకున్నాడు. "నీకు తెలుసని నాకు తెలుసు. కోడలు చెప్పలేదులే. ఎన్నేళ్ళనుంచి నా దమ్ము తగ్గుతోందో నాకు తెలియదా? నువ్వు సర్దుతున్నావనుకున్నాను. మంచివాడు, నోరెత్తకుండా సర్దుతున్నాడనుకున్నాను."

నాకు తెలియదని, ఆమధ్యే తెలిసిందని చెప్పాలి. చెప్పలేదు. వాడు అనుకున్నదే బాగుంది.

గేము కథ విన్నాను. కొండ మీది గనిలో మిగిలిపోయిన ఒక కాపలావాడు, కిందికి దిగే దారి వెతుక్కుంటాడు. రెండో క్లారినెట్ ఆవిడను రమ్మన్నాను. పిల్లలను బడిలో దింపి వచ్చింది, చెప్పులు కూడా పూర్తిగా విడవకుండా కుర్చీలో కూర్చుంది. కోడలు కంప్యూటరు ముందుంది. నేను కూనిరాగం తీశాను. ఆవిడ వాయించింది. నేను ఏమీ అనలేదు.

ఆవిడ ఎదురుచూసింది. "బాగుందా సార్? బాగాలేదా?"

నేను ఏమీ అనలేదు. ఆవిడ కోడలి వైపు చూసింది. కోడలు నా వైపు చూసింది. అప్పుడర్థమైంది, ఇక మాట్లాడక తప్పదని.

"ఆ మనిషి..." అన్నాను. "అంత తొందరగా నడవడు. మోకాళ్ళు నొప్పి. కిందికి దిగాలని ఉంది. కానీ పైన ఇంకెవరైనా మిగిలారేమోనని..." ఎక్కడిదాకా వచ్చానో మర్చిపోయాను.

గోడ పక్క కుర్చీలో మా తమ్ముడు టీ తాగుతున్నాడు. వద్దన్నా వస్తున్నాడు, పనేమీ లేదు కదా అంటూ.

"వినపడలేదు" అన్నాడు. "కాస్త గట్టిగా చెప్పు. మొదటినుంచీ చెప్పు."